మూడు మాత్రలు, ఒక్క దేవుడు

ఉక్కు కొలిమి వెలుగుకు సాయంకాలపు ఆకాశం కుంకుమ పూసుకునే ఆ తొంభైల నాళ్లలో, శివకేశవులకు భేదం లేదని భిలాయి ఉక్కునగరంలో తానుండే సెక్టరంతటినీ పురాణం చెప్పి ఒప్పించిన ప్లాంటు కార్మికుడు నరసింగరావుగారు, రేపటి ప్రవచనానికి లేచి నిలబడగలనో లేదోనన్న ఆరాటంతో, జ్వరానికొకటి, జలుబుకొకటి, ఒళ్లునొప్పులకొకటి చొప్పున మూడు మాత్రలను తీర్థంలా అరచేత పట్టారు.

మాత్రల అట్టలు తిప్పి చదివిన భార్య భాగ్యరేఖ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆగండి! మూడిట్లోనూ ఉన్నది పారాసిటమాలే. పేర్లెన్నయినా దేవుడొక్కడేనని ఊరికి చెప్తారు, మీకెవరు చెప్పాలి? మూడూ కలిస్తే మోతాదు మించి లివరు పాడౌద్ది, దానికి మీ పురాణం ఎక్కుద్దేటి?"

"మరేటి చెయ్యమంటావే?"

"ఒక్కటే వేసుకోండి. మళ్లీ కావాలంటే ఆరు గంటలాగాలి. తగ్గకపోతే డాక్టరే."

మర్నాడాయన బొంగురు గొంతుతోనే అభేదం బోధించారు. మూడు మాత్రల దృష్టాంతం మాత్రం భార్యదే. ఆ దంపతులకు ఆయురారోగ్యాలనూ, ఆ ఇంటి మందులపెట్టెకు చిరవిశ్రాంతినీ హరిహరులు ప్రసాదింతురు గాక!