పెట్టెకే రాని ఆదేశాలు

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెబితే "ఇంతేనా?" అంటారేమోనని ఎవరికీ చెప్పలేదు. మీరు నవ్వినా సరే, వినండి.

నాకు కరీంనగర్‌లో కంప్యూటర్ల దుకాణం ఉంది. ఒకసారి సిరిసిల్ల నుంచి లక్ష్మన్న వచ్చాడు. ఒకరి మరమగ్గాల మీద, వాళ్ల మాటలో సాంచాల మీద, కూలికి నేసే మనిషి. కంప్యూటర్లో చీర అంచుల డిజైన్లు వేయడం నేర్చుకొని ఆ సాంచాల నుంచి బయటపడాలని ఆశ. ఏ సాఫ్ట్‌వేర్ కావాలో ముందే చెప్పాడు. దానికి ఎలాంటి ప్రాసెసర్ కావాలో చూడకుండానే కంప్యూటర్‌లో చవకది వేసి, బ్రహ్మాండంగా నడుస్తుందని చెప్పి పంపాను.

ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోనే లేదు. కంప్యూటర్ పెట్టెను స్కూటర్‌కు కట్టుకొని మళ్లీ వచ్చాడు. తెర మీద ఇంగ్లీషులో ఒకే వాక్యం: ఈ ప్రాసెసర్‌కు ఏవీఎక్స్ ఆదేశాలు తెలియవని. ఖరీదైన ప్రాసెసర్లకు నేర్పే ఆ వేగపు లెక్కల ఆదేశాలను చవక వాటికి ఇవ్వరు. డబ్బా మీద ఆ సంగతి చెప్పి చావరు. ఆ మంట నాకిప్పటికీ ఉంది. కానీ తయారుచేసినవాణ్ణి తిడితే నా తప్పు చెరిగిపోతుందా? లక్ష్మన్నకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు. చదివాను, గబుక్కున మూసేశాను.

"పెట్టె మంచిగనే ఉన్నది. నువ్వే ఏదో తప్పు నొక్కుతున్నవ్."

"గట్లనా సారు? కొన్నంక కొండగట్టుకు తీస్కపోలే. పూజ చేపియ్యకనే గిట్లయితుందా?"

"అది గూడ చేపియ్యి."

ఎందుకాడాను ఆ అబద్ధం? మార్చి ఇవ్వాల్సి వస్తుందనా, నాకు తెలియలేదని ఒప్పుకుంటే పరువు పోతుందనా? రెండూ. కొత్త బండికి చేయించినట్టే ఆ పెట్టెకు కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించాడు. బొట్టు పెట్టి, దండ వేసి, ఇంటికి తెచ్చి మళ్లీ నొక్కాడు. లేని ఆదేశాలను దేవుడు మాత్రం ఎక్కడి నుంచి తెస్తాడు? కొన్నాళ్లకు ఆ పెట్టెను మూలకు నెట్టేశాడు.

మొన్న కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఇంకా ఆ సాంచాల మీదే ఉన్నాడు. పిల్ల కాలేజీకి కంప్యూటర్ కావాలట.

"మా బిడ్డకు గూడ నువ్వే చూడు సారు. గప్పుడు నువ్వు మంచిదే ఇచ్చినవ్. నా బుర్రకే ఎక్కలే."

కూతురి ముందు అన్నాడు ఆ మాట. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? అయినా ఆ మాట దాటేసి, పిల్లకు ఏ సాఫ్ట్‌వేర్ కావాలో అడిగాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇక్కడ చెబుతున్నాను. లక్ష్మన్నా, నీ బుర్రకు ఏమీ కాలేదు. ఆ ఆదేశాలు పెట్టెకే రావు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. ఇది అతను చదవడని కూడా తెలుసు. అయినా, రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.