పరశురాం వేయని ఎర్త్

పనిలో పరశురాం అంత చాదస్తుడు ఇంకొకడు ఉండడని నువైద్రాత్ లేబర్ క్యాంపులో ఎవరినడిగినా చెబుతారు. పన్నెండేళ్ళుగా బహ్రెయిన్‌లో ఎలక్ట్రీషియన్ డ్యూటీ. ఎర్త్ వైరు కలపకుండా ఒక్క సాకెట్టు వదిలిన మనిషి కాడు. ఇనుములోకి పాకిన కరెంటు మనిషి ఒంట్లోకి రాకుండా నేలలోకి దించేది ఆ ఒక్క వైరేనని, కొత్తగా వచ్చినవాళ్ళకు చెవులు చిల్లులు పడేలా చెప్పేవాడు.

అంతటి మనిషీ జగిత్యాల దగ్గర సొంతూళ్ళో, తమ్ముడి పొలం మోటారుకు స్టార్టర్ డబ్బా బిగించి, ఎర్త్ వేయకుండా వచ్చేశాడు. రెండేళ్ళ కిందటి సెలవులో ముప్పై రోజులూ దావతులకే చాలలేదు. గల్ఫ్ నుంచి వచ్చినవాడు తమ ఇంట్లో కోడి తినకుండా పోతే మేనత్తలు ఊరుకుంటారా? పొలం పని ఆఖరి రోజుకు వచ్చిపడింది. ఎర్త్ వేయాలంటే గుంత తవ్వాలి, బొగ్గూ ఉప్పూ పోయాలి. విమానానికి టైమైపోతోంది.

"మల్లొచ్చినప్పుడు ఏస్త తియ్యిరా" అన్నాడు తమ్ముడు నర్సింగ్‌తో.

పదహారు రోజుల కిందట నర్సింగ్ తడి చేత్తో ఆ డబ్బా ముట్టుకుని అక్కడికక్కడే పోయాడు. ఊరంతా కరెంటును తిట్టింది, తలరాతను తిట్టింది. పరశురాంను ఎవరూ ఏమీ అనలేదు. ఎర్త్ లేదని తెలిసినవాడు నర్సింగ్ ఒక్కడే, వాడే లేడు. కంపెనీ సెలవిస్తానన్నా పరశురాం వద్దన్నాడు. ఏ మొహం పెట్టుకుని పోతాడు? ఏడుపు కూడా రాలేదు. తింటున్నాడు, బస్సెక్కుతున్నాడు, డ్యూటీ చేస్తున్నాడు. వేలి మీద సుత్తి దెబ్బ పడితే, అది ఎవరి వేలో అన్నట్టు చూశాడు.

ఆ వేళ డ్యూటీ హమద్ టౌన్‌లో, అబూ యూసుఫ్ ఇంట్లో. చలికాలంలో అక్కడివాళ్ళు పిల్లాజెల్లాతో సఖీర్ ఎడారికి పోయి గుడారాల్లో ఉంటారు. అబూ యూసుఫ్ ఈసారి ఏకంగా కారవాన్ కొన్నాడు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్జు, ఏసీ అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. అది ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడు దానికి కరెంటు అందేలా గోడకు వేరే సాకెట్ కావాలి. మరునాడే వాళ్ళ ప్రయాణం.

పరశురాం మెయిన్ బోర్డు నుంచి లావుపాటి కేబుల్ లాగాడు. వేరే బ్రేకర్ పెట్టాడు. గోడకు నీలం సాకెట్ బిగించాడు. చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి. ఇక మిగిలింది నేలలోకి ఎర్త్ రాడ్ దింపడమే.

అబూ యూసుఫ్ గడియారం చూసుకున్నాడు. "యల్లా భాయ్, ఖలాస్! ఎర్త్ బాద్ మే" అంటూ, అది తర్వాత చూసుకోవచ్చన్నట్టు తనే కారవాన్ వైరు అందుకున్నాడు. పిల్లలు అప్పటికే దాని ఇనుప మెట్ల మీద గెంతుతున్నారు.

అదే సమయానికి ఫోన్ మోగింది. తమ్ముడి భార్య వినోద.

"బావా, మడి నెర్రెలు వడుతుంది. ఇన్నొద్దులు పక్క పొలం పాలోళ్ళ మోటరు నీళ్ళు మలుపుకున్నం, ఇగ ఇయ్యం అంటున్రు. కరెంటోళ్ళు కాలిన వైరు మార్చి పోయిండ్రు గని, నేను ఆ డబ్బను ఎన్నడు ముట్టలే. ఏ బటను ఒత్తాలె?"

పక్క పొలం వాళ్ళను పిలవమని చెబితే ఆ పూట గడిచిపోయేది. తన తప్పు దాగేది. కానీ ఆ డబ్బా ముట్టుకుని వాళ్ళలో ఎవడో ఒకడు పోయేవాడు.

"వినోదా, ముట్టకు. ఎవ్వల్ని ముట్టనియ్యకు. కరెంటు మిస్త్రీని పిలిచి ఎర్త్ ఏపిచ్చినంకనే మోటరు పెట్టు."

"ఎందుకు బావా?"

"దానికి ఎర్త్ లేదు. నేనే ఎయ్యలే. టైం లేదని ఇడిశిపెట్టొచ్చిన. తమ్ముడు నా వల్లనే పోయిండు."

తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"గదేనా బావా?" అంది వినోద. "అన్న వచ్చి బాగు చేస్తడు, అందాక దాని దిక్కు పోకు అంటుండె నీ తమ్ముడు నాతోని. ఏం బాగు చేసుడో నాకు సమజ్ కాలే. మిస్త్రీని పిలువరాదు అంటె, కరెంటు పనోడు అన్న ఉండంగ ఇంకోన్ని పిలిస్తె అన్న చిన్నబోతడు అన్నడు. నీ కోసమే ఆగిండు బావా."

పరశురాం బ్రేకర్ కిందికి దించి కరెంటు ఆపేశాడు. పిల్లలను మెట్లు దిగమని చెయ్యి ఊపాడు. సుత్తి అందుకుని, రాడ్ మీద నాలుగు దెబ్బలైనా వేయకముందే మట్టిలో కూలబడి, పరాయి వాకిట్లో గొంతెత్తి ఏడ్చాడు.