విచారణ రోజున పిలిచిన పేరు

మీరు పెంచిన బిడ్డ మీ బిడ్డేనని రుజువు చూపమంటే ఏం చూపిస్తారు?

1983 నవంబరులో నేను మిషిగన్‌లోని ఒక ప్రొబేట్ కోర్టులో డిప్యూటీ రిజిస్ట్రార్‌ని. వీలునామాలు, దత్తతలు చూసే కోర్టు అది. పిటిషన్లు పరిశీలించి, విచారణ తేదీ వేసి, ఆ రోజున కేసులను పేరు పెట్టి పిలవడం నా పని. ఒక మధ్యాహ్నం దగ్గర్లోని నోవై ఊరి నుంచి సుబ్బారావు గారు, ఇరవై మూడేళ్ల రమణి వచ్చారు. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. రమణి తల్లి మొదటి భర్త పోయినావిడ; ఆమెను ఆయన పెళ్లాడేనాటికి పిల్లకు ఆరేళ్లు. ఇప్పుడు ఆ తల్లీ లేదు.

ఆయన నా బల్లమీద ఒక ఫోటో పెట్టారు. "దత్తత ఎప్పుడో అయిపోయిందండీ. అమెరికా రాకముందే గుంటూరులో హోమం చేశాం. దీన్ని రికార్డులో ఎక్కిస్తే చాలు."

"ఇందులో పొగ ఉందండీ. జడ్జి సంతకం లేదు," అన్నాను.

"చెప్పానా నాన్నా? నువ్వు వింటేగా!" అని రమణి నవ్వింది. తర్వాత నా వైపు తిరిగింది. "మొన్న నాన్నకి హార్ట్ ఎటాక్ వచ్చింది అంకుల్. హాస్పిటల్ ఫారంలో డాటర్ అని రాస్తుంటే అబద్ధం రాస్తున్నట్టు అనిపించింది. ఒక్కసారైనా అది నిజంగా రాయాలి."

అందరినీ ఎదిరించి వితంతువును పెళ్లాడిన మనిషి, బిడ్డ విషయంలో ఇన్నేళ్లు పొగను నమ్ముకున్నాడు! నాకు కోపం వచ్చింది. పద్దెనిమిది దాటినవాళ్లనూ అక్కడ దత్తత తీసుకోవచ్చు, చిక్కులూ తక్కువ. తండ్రి కావాలనుకునేవారి పిటిషన్, దత్తత వెళ్లేవారి సమ్మతి, జడ్జి ఉత్తర్వు, అంతే. కొత్త పేరు రాసే గడిలో రమణి ఆయన ఇంటిపేరు రాసింది, ఒక్కో అక్షరం నెమ్మదిగా. వరస ప్రకారం మూడు వారాల తర్వాతి తేదీ వేశాను. జబ్బు మనిషి ఉంటే విచారణ త్వరగా పెట్టమని జడ్జిని అడిగే వీలుంది. ఆ సంగతి నేను చెప్పలేదు. ఇన్నేళ్లు ఆగినవాళ్లకు మూడు వారాలెంత అనుకున్నాను.

విచారణకు నాలుగు రోజుల ముందు ఆయన పోయారు.

పిటిషనర్ మరణిస్తే దత్తత లేదు, కేసు కొట్టివేయాల్సిందే. ఆ మాట రమణికి ఫోన్‌లోనే చెప్పాను. అయినా ఆ రోజు మంచులో డ్రైవ్ చేసుకుంటూ ఒక్కతే వచ్చింది.

"తెలుసు అంకుల్. కొట్టేసేముందు పిలుస్తారు కదా?" అంది.

పిలవాలి. కోరిన పేరు కూడా చదవాలి. మా కోర్టులో అది పద్ధతి. ఆయన ఇంటిపేరుతో కలిపి ఆమె పేరు పిలిచాను. రమణి లేచి నిలబడింది. జడ్జి కేసు కొట్టివేసేదాకా కూర్చోలేదు.

ప్రేమ ఉందని చట్టానికి దానంతట అది తెలియదు. బతికుండగానే వెళ్లి చెప్పాలి. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే ఆ ఫోటో లోపల పెట్టండి. సోమవారం ఉదయమే వెళ్లి పిటిషన్ వేయండి. త్వరగా తేదీ కావాలని నోరు తెరిచి అడగండి.