అక్కకు చదివి వినిపించిన వార్తలు

నా పుస్తకం వచ్చి చాన్నాళ్ళయినా మోకాలి నొప్పి నన్ను ఇల్లు కదలనివ్వలేదు. పోయిన ఆదివారం ఎలాగో ఒక ప్రతి సంచిలో వేసుకుని, ఊరికి ఆ చివర బెళ్ళందూరులో కూతురి దగ్గర ఉంటున్న మా అక్కను చూడటానికి బయల్దేరాను. ఆ ట్రాఫిక్‌లో కూర్చుంటే ఎంతటివాడికైనా గతం గుర్తుకు రాక తప్పదు.

మాది ఇదే ఊళ్ళో, పాత పేటల్లో ఒకటైన బళేపేట. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. అందుకని, అమ్మ పోయాక నన్ను పెంచిన అక్కకు తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. నేను మాత్రం మా వీధి అయ్యవారి దగ్గర అక్షరాలు దిద్దుకుని, తెలుగు పత్రికలో విలేకరినయ్యాను. పీణ్యలో ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి రాసిన వార్త అచ్చయిన రోజున, మా గాజుల అంగడి తెరవబోయే ముందు అక్క నన్ను కూర్చోబెట్టి చదివించుకునేది. మధ్యలో తలెత్తి "అట్లంటే ఏమప్పా?" అని అడిగిందంటే ఆ వాక్యం చెడిందన్నమాటే, ఆఫీసులో సబ్ ఎడిటర్లు కూడా నన్నంతగా సతాయించలేదు. ఊరంతా చదివినా, ఆమె విన్నాకగానీ నాకు వార్త రాసినట్టుండేది కాదు.

తర్వాత ఒక ప్రచురణ సంస్థలో పెద్ద ఉద్యోగం వచ్చింది. కారు వచ్చింది, ఏసీ గది వచ్చింది, అక్క దగ్గర కూర్చునే తీరిక పోయింది. చదివేవాళ్ళు తగ్గినా వినేవాళ్ళున్నారని యాజమాన్యానికి నచ్చజెప్పి, ఫోన్‌లో వినే పుస్తకాలు మొదలుపెట్టించింది కూడా నేనే. రిటైరయ్యాక నా పుస్తకం రాసుకున్నాను, ఆ సంస్థే వేసింది; అందులో సగం అక్క కథే. దాన్ని నా నోటితో ఆమెకు వినిపించాలన్నది, ఈ వయసులో నాకు మిగిలిన ఒకే ఒక్క ఆశ.

నేను వెళ్ళేసరికి అక్క సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ తెరిచాను.

"అంతా వింటినప్పా! మనవరాలు ఫోన్లో పెట్టిచ్చినాది. ఎవరో పాప చదివినాది, శానా బాగుండాది," అంది.

అమ్మ పోయిన చోట ఏడ్చిందట కూడా. చదివే పిల్ల గొంతు అక్కడ వణికిందట.

నిజమే, నేనూ విన్నాను, ఆ అమ్మాయి బాగా చదివింది. తెలుగు చదవలేని లోటు అక్కకు ఇన్నాళ్ళకు తీరింది, సంతోషించాల్సిందే, సంతోషించాను. ఎవరి కోసమూ ఎవరూ కాచుకోనక్కర్లేని కాలం ఇది. అయినా అమ్మను తలుచుకుని అక్క ఏడ్చినప్పుడు పక్కన నేను లేనే అని దిగులేసింది. మళ్ళీ ఒకసారి నేను చదవనా అని అడగాలనిపించింది. అడగలేక, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.