సున్నం గుంత

మా పశువుల డాక్టరుగారు పోయారని పొద్దున్నే పాలకేంద్రం దగ్గర తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. వరుసలో ఉన్నవాళ్ళు చేతుల్లోని క్యాన్లు కింద పెట్టేశారు. నాకైతే దుఃఖం కంటే ముందు భయం వేసింది. మా ఎనుము, ఇంటి పాడిగేదె, నిండు చూడితో ఉంది మరి.

సిరుగుప్ప కాలువ కింది ఊళ్ళలో మేమంతా ఆయన్ని పిరికి డాక్టరని వెనకాల నవ్వుకునేవాళ్ళం. భుజం దాకా తొడుగు లేనిదే ఈనే పశువును ముట్టేవారు కాదు. ఉద్యోగం కొత్తలో కడుపు జారిన ఆవుకు లోపల నిలిచిపోయిన మాయను ఉత్త చేతులతో తీశారట. ఆ ఆవు కడుపు జార్చిన రోగమే ఆయనకూ అంటుకుంది. సాయంత్రమైతే జ్వరం, కీళ్ళ నొప్పులు. ఏళ్ళ తరబడి వదల్లేదు.

పోయిన చూడికి మా ఎనుము ఏడో నెలలోనే చచ్చిన దూడను వేసింది. మాయ పూర్తిగా పడక సగం వేలాడుతోంది. మాయను గడ్డిలో చుట్టి పాలుకారే చెట్టుకు కడితే పాడి నిలుస్తుందని మా వైపు నమ్మకం. మా ఆవిడ గడ్డి పట్టుకుని వంగింది. తనకప్పుడు ఐదో నెల. డాక్టరుగారు బండిని అలాగే పడేసి పరిగెత్తుకొచ్చారు.

"ముట్టద్దమ్మా, ఎనక్కి రా. నీ కడుపులో గూడా బిడ్డ ఉండాది."

ఆయన గొంతు వణకడం అప్పుడే విన్నాను. రోగం గర్భసంచిలో చేరితే మాయ వాచి తోలులా గట్టిపడుతుందని, లోపలి దూడకు తిండి అందదని చెప్పారు. చెట్టుకు కడితే కుక్కలు లాక్కుపోయి ఊరంతా పంచుతాయట. లోతుగా గుంత తవ్వించి, సున్నం పోసి పూడ్పించారు. మా ఆవిడకు రక్తపరీక్షలు చేయించారు. పాప పుట్టి, ఏడుపు వినిపించేదాకా నేను సరిగా నిద్రపోలేదు.

"బయపడతాండామని సిగ్గుపడద్దప్పా," అనేవారు. "బయముంటేనే చేతులు కడుక్కుంటాం."

ఎనుము మళ్ళీ చూడి కట్టాక, ఈసారి దూడ బతికినా మాయలో రోగం ఉండొచ్చని, ఈనకముందే గుంత సిద్ధం చేయించారు. అడుగున సున్నం చల్లించి, కొట్టం మేకుకు ఒక జత తొడుగులు తగిలించి వెళ్ళారు. ఈనేటప్పుడు తను వచ్చేదాకా ఆగమన్నారు.

ఈ సాయంత్రం ఎనుము మేత ముట్టలేదు. పడుకుంటోంది, లేస్తోంది. ఇప్పుడిప్పుడే నడక నేర్చిన మా పాప కొట్టంలోకి పోబోయింది. "ఎనక్కి రా" అన్నాను. నా గొంతూ అలాగే వణికింది. తొడుగులు వేసుకుంటుంటే, కొట్టం వెనక గుంత తెల్లగా నోరు తెరుచుకుని కనబడుతోంది.