నేను కాల్చిన రెండో సరం

యాభైల చివర్లో, పెళ్లయిన ఏడు, మొదటి దీపావళికి కావలి నుంచి దొరవారిసత్రం దగ్గర ఉన్న మా అత్తవారి ఊరికి వెళ్లాను. కొత్త అల్లుణ్ణి కదా, దర్జాకు లోటు రాకూడదని సంచి నిండా సీమటపాకాయల సరాలు పట్టుకెళ్లాను. సంచి చూసి మామగారి మొహం వాడిపోయింది. కొత్త అల్లుడికి అడ్డు చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నారు.

పొద్దున్నే తలంటు పోసుకుని, చెరువు కట్ట ఎక్కి ఒక సరం అంటించాను. నీళ్లలోనే పెరిగే కడప చెట్ల మీద నుంచి, ముక్కు కింద సంచి ఉండే గూడబాతులు వందలకొద్దీ ఒక్కసారిగా లేచాయి. ఆ సంబరం చూసి ముచ్చటపడి రెండోదీ అంటించాను. ఇప్పటికీ తలుచుకుంటే లెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నా భార్య పరుగెత్తుకొచ్చింది. "ఈడ టపాకాయలు కాల్చరండీ. అవి గూళ్లు కట్టుకునే కాలం. మా నాయన చెప్పలేదా?" అంది, కళ్లనీళ్లతో. ఆమె చెబుతుందని ఆయన, ఆయన చెప్పి ఉంటారని ఆమె అనుకున్నారు.

ఏటా వానలకు ఆ పక్షులు వస్తాయట. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లే ఆ ఊరి వరికి బలం. అందుకే ఇంటికొకరు వంతులవారీగా, కూలీ నాలీ లేకుండా, తుపాకులవాళ్లూ గుడ్లు దొంగిలించేవాళ్లూ రాకుండా కట్ట మీద కాపలా ఉంటారు. ఆ కాపలాకు పెద్ద మా మామగారే. ఊరందరి చేతా టపాకాయలు మాన్పించిన మనిషికి నావల్ల తలవంపులయింది.

నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. మామగారు అన్నం మాని కట్ట మీద కూర్చున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. "ఎండకి మీరెందుకు అల్లుడుగారూ, ఇంటికి పొండి," అన్నారు. ఆ మర్యాద కంటే నాలుగు దెబ్బలు నయం.

రెండు రోజులు చెట్లు బోసిగా ఉన్నాయి. పక్షులు పులికాటు సరస్సు వైపు వెళ్లిపోయాయని ఎవరో చెప్పారు. సెలవు అయిపోయినా నేను కదల్లేదు.

మూడో రోజు సాయంత్రం ఒక గూడబాతు చెరువు చుట్టూ తిరిగి పాత గూటి మీద వాలింది. దాని వెనకే రెండు. కాసేపటికి చెట్లు నిండాయి. మామగారు కండువాతో కళ్లు తుడుచుకుని నావైపు తిరిగారు.

"నీకు బుద్ధుందా అబ్బయ్యా? మొదటిది తెలవక కాల్చినావు. అవి బెదిరి లేస్తావుంటే రెండోది ఎట్ల కాల్చినావు? వచ్చే ఏడు నువ్వే వచ్చి ఈడ కూసో."

ఇంకా చాలా తిట్టారు. మా నాన్న నా పసితనంలోనే పోయాడు. నన్ను అలా తిట్టే పెద్దదిక్కు దొరికినందుకు, తల వంచుకుని, సంతోషంతో ఏడ్చాను.

అరవైలన్నీ ప్రతి దీపావళికీ ఆయన పక్కన కాపలా కాశాను. ఆయన పోయిన ఏడు కూడా వెళ్లి కట్ట మీద కూర్చున్నాను. పక్షులన్నీ వచ్చాయి. నన్ను తిట్టే మనిషే లేడు.