ఐదో రోజు కడిగేసిన పళ్లాలు

బస్సు ఎత్తు రోడ్డు మీద మూలుగుతూ పాకుతోంది. కిటికీ పక్కన కూర్చున్నావిడ ఒడిలోని గుడ్డమూట విప్పి, టిఫిన్ డబ్బా మూతను ముక్కు దగ్గర పెట్టుకుంది. పక్క సీటాయన ఓరగా చూశాడు. మూతలో ఉన్నది మట్టి.

మట్టిని చూసి మొహం తిప్పుకునే మనిషి కాదాయన. ముప్పై ఏళ్లుగా ప్రభుత్వ మట్టి పరీక్షల ల్యాబులో పని. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా వినబడదు; అందరికీ సుద్దాయనే. ప్రతి పళ్లెంలోనూ సుద్దపొడి కలిపి కలిపి గోళ్ల సందుల్లో తెలుపు దిగిపోయింది. "నా తల మీద చెయ్యి వెయ్యకండి, ఉన్న తెల్లవెంట్రుకలు చాలు" అంటుంది ఇంటావిడ.

ఆయన చేసే పని చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. రైతు తెచ్చిన మట్టిని జల్లించి, గంజిపొడి, సుద్ద కలిపి, ముద్ద చేసి, గాజు పళ్లెంలో నున్నగా మెత్తి వెచ్చటి పెట్టెలో పెట్టడం. నత్రజని ఎరువు మాత్రం చిటికెడైనా వెయ్యకూడదు. కిటుకంతా అక్కడే: గాలిలోంచి నత్రజని పట్టుకోగలిగినవే ఆ పళ్లెంలో పెరుగుతాయి. గాలిలో ఐదు పాళ్లకు దాదాపు నాలుగు పాళ్లు నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా తినలేదు. విందు మధ్యలో మూతి కట్టేసి కూర్చోబెట్టినట్టుంటుంది దాని బతుకు. మట్టిలో కొన్ని బాక్టీరియాలున్నాయి. ఏ వేరు పంచనా చేరవు. రాలిన ఆకుల్లోంచి దొరికే చక్కెర తిని, గాలిలోని నత్రజనిని పట్టి ఒంటికి పట్టించుకుంటాయి. అవి చచ్చాక ఆ ఆస్తి నేలకు దక్కుతుంది. ఎవరూ ఎరువు చల్లని కొండవాలు పచ్చగా ఉందంటే అందులో వాటి చెయ్యి కూడా కొంత ఉంటుంది.

పళ్లెంలో నాలుగైదు రోజులకు తడి బొట్లు లేచి గోధుమరంగుకు తిరిగితే అలాంటి బాక్టీరియాల్లో ఒకటైన అజటోబాక్టర్ ఉన్నట్టు. లేవకపోతే కాగితం మీద 'లేవు' అని రాసి, శనివారం పళ్లెం కడిగెయ్యడం. ఉన్నవే కాసిని పళ్లాలు, సోమవారానికి మళ్లీ కావాలి మరి.

"ఆ మట్టేమిటమ్మా?" అన్నాడు ఉండబట్టలేక.

"మీరా బాబాయ్! గుర్తుపట్టలేదా? నెల కిందట పైచేను మట్టి తెచ్చాను. కిటికీలోంచి మీ పనంతా చూస్తుంటే, 'సినిమా అనుకున్నావా, టికెట్టు తీశావా' అన్నారు."

"ఆఁ, నువ్వా!"

"ఇంటికెళ్లి నేనూ చేశాను. గంజిపొడి, కాస్త చక్కెర. సుద్ద లేదు, పోనీలే అనుకున్నా. అటక మీద పెట్టి మరిచేపోయాను. పొద్దున అమ్మకం కాగితాలు వెతుకుతుంటే దొరికింది."

"ఏం అమ్మకం?"

"పైచేనే. పదకొండింటికి సంతకం. కంకర తవ్వుకుంటారట. మీరే రాశారుగా, నత్రజని పట్టే జీవాలు లేవని. 'చచ్చిన నేలకు కాపలా ఎందుకక్కా' అన్నాడు తమ్ముడు. నాకూ నోరు పెగల్లేదు."

సుద్దాయన మూత అందుకున్నాడు. మట్టి మీద నున్నటి ఉబ్బెత్తు బొట్లు. జేబులోని గుండుసూదితో ఒకదాన్ని లేపితే రబ్బరు ముక్కలా మొత్తం పైకి లేచింది.

"ఎన్ని రోజులైంది?"

"ఇరవై మూడో, నాలుగో."

ఆయన మూతను వెలుతురుకు తిప్పాడు. చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం బట్టీపట్టిన పేరు నాలుక మీదికి వచ్చింది: బైజెరింకియా. అదీ గాలిలోని నత్రజనిని పట్టేదే, కాకపోతే పులుపు నేలలో బతుకుతుంది. పులుపును విరిచే సుద్ద దానికి సరిపడదు. మూడు వారాలకు గాని తీరిగ్గా పైకి తేలదు. ఇన్నీ తెలిసి, ప్రతి పళ్లెంలోనూ సుద్ద కలిపి, ఐదో రోజున కుళాయి కింద పెట్టాడు! అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

"దిగు" అన్నాడు, ల్యాబు రాగానే.

సూక్ష్మదర్శిని కింద పొట్టి కడ్డీలు కనిపించాయి. ఒక్కోదానికి రెండు కొసలా చెరో కొవ్వు బొట్టు, దీపాల్లా మెరుస్తూ. పుస్తకంలో బొమ్మ అచ్చం ఇదే. ఆమె కూడా కన్ను పెట్టింది.

"వీళ్లా బాబాయ్ నా కూలీలు? ఒక్కడూ భోజనమైనా అడగలేదే!"

ఆయన గోడ గడియారం వైపు చూసి, "పద, పదకొండు కాకముందే వెళ్దాం" అన్నాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో తమ్ముడు అప్పటికే పెన్ను మూత తీసి ఉంచాడు. సుద్దాయన అతని ముందున్న ఫైలులోంచి తన రిపోర్టు లాగి, 'లేవు' అన్నచోట కొట్టేసి రాశాడు: పరీక్ష తప్పు. పళ్లెం తొందరపడి పారేశాను. మళ్లీ చెయ్యాలి. కింద సంతకం.

"అయితే నేల మంచిదంటారా?" అన్నాడు తమ్ముడు వెటకారంగా.

"అది తెలీదు. ఇవి ఎంత పట్టి పెడుతున్నాయో కొలవాలి. లేవనడం మాత్రం అబద్ధం."

"ముప్పై ఏళ్లు చేసి ఇప్పుడా తెలిసింది?"

సుద్దాయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

ఆమె పెన్ను తీసుకుని మూత బిగించింది. "నవ్విన నాపచేనే పండుతుందిరా. నేను సంతకం పెట్టను. కొలిచాకే మాట్లాడదాం."

"అక్కా, వాళ్లు బయట కూర్చున్నారు!"

"కూర్చోనీ." ఆమె సుద్దాయన వైపు తిరిగింది. "బాబాయ్, మా వాలు మీద చేలు ఇంకా చాలానే ఉన్నాయి కదా. ఎంతమందికి రాశారు ఇలా?"

ఆయనకు అన్నీ కళ్ల ముందు మెదిలాయి. ఏడాదికి యాభై రెండు శనివారాలు, అలా ముప్పై ఏళ్లు. కుళాయి కింద జారిపోయిన మట్టి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిన మొహాలు. ఏ ఒక్కరూ తిరిగొచ్చి అడగలేదు, లేదంటే లేదనే నమ్మారు.

ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. గుమ్మంలో ఎవరికో భుజం తగిలినా ఆగలేదు. వెళ్లొస్తానని అనకుండానే, పాత రిపోర్టుల నకళ్లుండే ల్యాబు గది వైపు, ఎండలో ఇంచుమించు పరుగులాంటి నడకతో సాగిపోయాడు.